చూపులేని మిత్రుడికి నోట్సు – 3వ పాఠం: బోర్డు మీది బొమ్మ

పోయిన వారం పని చేశారా? పది నిమిషాల క్లాసు విని, లెక్చరర్ "ఇది", "అది", "ఇక్కడ" అని ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టమన్నాను. ఎకనామిక్స్ క్లాసయితే వేళ్లు చాలవు. ఆ "ఇక్కడ" ఎక్కడో రాయడమే ఈ వారం పాఠం.

డిమాండ్, సప్లై గ్రాఫ్ తీసుకుందాం. సార్ గీసి, సుద్దముక్కతో తట్టి, "ఇదిగో, ఇక్కడ కలిశాయి కదా, అదే సమతౌల్య ధర" అంటారు. పొల్లుపోకుండా రాసినా మన మిత్రుడికి అందేది "ఇదిగో" ఒక్కటే. డిగ్రీ రెండో ఏడాదిలో నేను అంతకన్నా తెలివితక్కువ పని చేశాను: బోర్డు ఫొటో తీసి, చూపులేని నా మిత్రుడికి వాట్సాప్‌లో పంపాను. "ఫోను ఇమేజ్ అని చెప్పి ఊరుకుంది రా" అన్నాడు వాడు.

ఇలా రాయాలి:

"గ్రాఫ్. అడ్డ అక్షం మీద పరిమాణం, నిలువు అక్షం మీద ధర. డిమాండ్ రేఖ ఎడమవైపు పైన మొదలై, కుడివైపుకు పోతూ కిందికి దిగుతుంది. సప్లై రేఖ ఎడమవైపు కింద మొదలై, కుడివైపుకు పోతూ పైకి ఎక్కుతుంది. కలిసే చోట ధర 20 రూపాయలు, పరిమాణం 60 కిలోలు. ఇదే సమతౌల్యం."

ముందు అది ఏ బొమ్మో, తర్వాత అక్షాలు, ఆపైన గీతల నడక, చివర అంకెలు. సుద్ద రంగు అక్కర్లేదు. సార్ "ఎర్ర గీత" అని పదేపదే అంటుంటే మాత్రం అది ఏ గీతో ఒకసారి రాయండి.

"రెండు గీతలూ ఎక్స్ అక్షరంలా ఉంటాయి" అని మాత్రం రాయకండి. నేను రాశాను. బ్రెయిల్‌లో చదువుకున్నవాడికి ఎక్స్ అంటే 1, 3, 4, 6 చుక్కలు. అందులో ఒకదాన్నొకటి కోసుకునే గీతలెక్కడివి?

టైపు చేస్తే యూనికోడ్ తెలుగులోనే చేయండి. డీటీపీ షాపుల పాత ఫాంట్లలో కంటికి తెలుగు కనిపిస్తుంది గానీ లోపల ఉండేవి వేరే గుర్తులు. ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ (తెర మీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) వాటినే చదువుతుంది, వినేవాడికి గోల. వర్డ్‌లో శీర్షికను బోల్డ్ చేసి వదిలేయకుండా హెడింగ్ స్టైల్ ఇవ్వండి. అప్పుడు ఎన్‌వీడీఏ బ్రౌజ్ మోడ్‌లో (కీలు నొక్కుతూ పేజీలో తిరిగే పద్ధతిలో) హెచ్ కీ నొక్కుతూ ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు పోవచ్చు. పరీక్ష ముందు రోజు ఆ సుఖం తెలుస్తుంది.

ఈ వారం పని: డిమాండ్ పెరిగి, ఆ రేఖ మొత్తం కుడికి జరిగిన బొమ్మను మాటల్లో రాయండి. పాత కలయిక, కొత్త కలయిక రెండూ రావాలి. రాశాక ఎవరికైనా ఫోన్లో చదివి, గీయమనండి. గీత ఎక్కడ దారి తప్పితే అక్కడి వాక్యం తిరగరాయండి. మా అమ్మ మొదటిసారి డిమాండ్ రేఖను గోడలా నిట్టనిలువుగా గీసింది. నేను "పైనుంచి కిందికి" అన్నాను గానీ, "కుడివైపుకు" అనలేదు.