గుంటూరు, విజయవాడ వ్యాపారులకు పోర్ట్‌ఫోలియో: ఫండ్ల పేర్ల కంటే ముందు ఆస్తుల కాగితం

చాలామంది సలహాదారులు వయసు అడిగి, నూరులోంచి తీసేసి, మిగిలిన శాతమంతా ఈక్విటీలో, అంటే షేర్లలో, పెట్టమంటారు. నెలజీతం వాళ్లకు ఆ లెక్క కొంతవరకు నడుస్తుంది. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారికో, ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు యజమానికో అది పనికిరాదు. వాళ్ల సంపాదనే ఒక ఏడు ఉన్నట్టు ఇంకో ఏడు ఉండదు. ఆస్తిలో పెద్ద వాటా ఈ చుట్టుపక్కల భూమిలోనే ఉంటుంది. కాబట్టి మ్యూచువల్ ఫండ్లలో పెట్టే సొమ్ము వాటికి భిన్నంగా ఉండాలి. అడిగిన రెండు మూడు రోజుల్లో చేతికి రావాలి, మిర్చి ధరతోనూ అమరావతి గజం రేటుతోనూ పడిలేవకూడదు.

మీరు సలహాదారైతే, అలాంటి వ్యాపారితో మొదటిసారి కూర్చున్నప్పుడు ఒక్క ఫండ్ పేరూ ఎత్తకండి. ఒక తెల్లకాగితం తీసుకుని ఆస్తులు రాయించండి. ఉండే ఇల్లు, ఒంటిమీది బంగారం ఒక పక్కన రాసి లెక్కలోంచి తీసేయండి. స్థలాలు, పొలం ఇంకో పక్క. వ్యాపారంలో ఇరుక్కున్నది వేరే: కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు), రైతులకిచ్చిన అడ్వాన్సులు. వీటిలోంచి సరుకు మీద తెచ్చిన బ్యాంకు అప్పు తీసేయాలి. చివరగా కదిలే డబ్బు: ఎఫ్‌డీలు, ఫండ్లు, చీటీలు, వడ్డీకి అప్పిచ్చి రాయించుకున్న ప్రామిసరీ నోట్లు.

నోట్ల దగ్గర కాస్త ఆగండి. వాటిని బయటికి తీయించి తేదీలు చూడండి. నోటు రాసిన నాటినుంచి మూడేళ్లలో దావా వేయకుండా, ఈలోగా నోటు వెనక జమ రాయించి సంతకమూ తీసుకోకుండా ఉంటే కాలదోషం పడుతుంది. అలాంటి నోటు విలువ సున్నా అనే రాయండి, ఆయన ముఖం చిన్నబోయినా సరే. మిగతావాటిలోనూ కొంత కోసి రాయడమే మంచిది.

ఇక్కడే ఆ ప్రశ్న వస్తుంది: “రెండు రూపాయల వడ్డీ ఇంటికొచ్చి ఇస్తుంటే మీ ఫండ్లెందుకండీ?” ఏడాదికి 24 శాతంతో వాదనకు దిగితే ఓడిపోతారు. కాగితం మీద చూపించండి. లక్ష రూపాయలు నలుగురికి 25 వేల చొప్పున ఇచ్చారు. ముగ్గురు వడ్డీతో సహా కట్టారు, ఒకరు ఎగ్గొట్టారు. ఏడాది చివర చేతికొచ్చేది 93 వేలు. పైగా మిర్చి ధర పడిన ఏడే అప్పు తీసుకున్నవాళ్లూ చేతులెత్తేస్తారు, ఎందుకంటే వాళ్లదీ అదే యార్డు.

ఇక లెక్క. ఒక కమీషన్ వ్యాపారికి 48 ఏళ్లనుకుందాం. ఎఫ్‌డీలు 20 లక్షలు, పదకొండు ఈక్విటీ ఫండ్లలో 15 లక్షలు, నోట్ల మీద 30 లక్షలు. ఆ 30ని 25గా పట్టుకుంటే కదిలే డబ్బు 60 లక్షలు. ఇంటి ఖర్చు నెలకు 80 వేలు, మూడేళ్లలో కూతురి చదువుకు 18 లక్షలు కావాలి.

జీతగాడికైతే ఆరు నెలల ఖర్చు నిల్వ చాలు. రాబడి పంట కాలానికే వచ్చే ఇంటికి ఏడాది ఖర్చు ఉండాలి, అంటే దాదాపు 10 లక్షలు. బ్యాంకు డిపాజిట్ బీమా ఒక బ్యాంకులో ఒకరికి వడ్డీతో కలిపి 5 లక్షల వరకే గనుక సొమ్మును ఒకేచోట కుప్పపోయకుండా చూడండి. చదువు డబ్బు 18 లక్షలు ఎఫ్‌డీలోనో స్వల్పకాలిక డెట్ ఫండ్‌లోనో (బాండ్ల వంటి అప్పు పత్రాల్లో పెట్టే ఫండ్) ఉండాలి, ఈక్విటీ వాసన కూడా తగలకూడదు. మిగిలిన 32 లక్షలు దీర్ఘకాలానివి: 20 ఈక్విటీ, 12 డెట్. మొత్తం 60లో ఈక్విటీ మూడో వంతే అయింది. తక్కువేం కాదు, ఆయన వ్యాపారమే పెద్ద ఈక్విటీ.

డబ్బు కదిపే వరస ముఖ్యం. ఎఫ్‌డీల్లో 10 ఇంటి ఖర్చుకు, 10 చదువుకు పేరు రాయండి. వసూలయ్యే నోట్లలో మొదటి 8 లక్షలు చదువుకు, తర్వాతి 12 డెట్‌కు, చివరి 5 ఈక్విటీకి. వసూళ్లు తగ్గితే ఆ మేరకు చివరి 5 ఆగిపోతాయి, చదువు ఆగదు.

ఆ పదకొండు ఫండ్లను మూడుకు దించాలి: నిఫ్టీ సూచీలోని షేర్లనే కొనే ఒక ఇండెక్స్ ఫండ్, చిన్నా పెద్దా ఏ కంపెనీలోనైనా పెట్టే ఒక ఫ్లెక్సీ క్యాప్, మధ్యస్థాయి కంపెనీల్లో పెట్టే ఒక మిడ్ క్యాప్. సుమారు 10, 6, 4 లక్షలు. ఏది ఉంచాలో తేల్చడానికి ఫండ్ సంస్థలు నెలనెలా పెట్టే పోర్ట్‌ఫోలియోలు (ఏ షేరు ఎంత శాతం ఉందో చెప్పే జాబితాలు) పక్కపక్కన పెట్టండి. ఒక షేరు మొదటి ఫండ్‌లో 9 శాతం, రెండోదాంట్లో 7 శాతం ఉంటే 7 వేసుకోండి. ఇలా ఉమ్మడి షేర్లన్నిటికీ తక్కువ అంకె వేసి కూడితే వచ్చేదే పోలిక. అది 50 దాటితే రెండింట్లో ఒకటి దండగ. అమ్మేటప్పుడు తొందరపడకండి. ఏడాది దాటిన ఈక్విటీ లాభం ఆర్థిక సంవత్సరానికి లక్షా 25 వేల దాకా పన్ను లేదు, ఆపైన 12.5 శాతం. అందుకే మార్చి 31కి ముందు కొంత, ఏప్రిల్‌లో కొంత అమ్మడం మేలు. మార్చిలో యార్డులో ఆయనకు ఊపిరాడదు కాబట్టి సంతకాలు జనవరిలోనే తీసుకోండి.

నష్టాన్ని ఎంత తట్టుకోగలరో శాతాల్లో అడగొద్దు. 2008లో జనవరి నుంచి అక్టోబరుకు నిఫ్టీ సుమారు 60 శాతం పడింది. 2020లో రెండు నెలల్లోనే 38 శాతం దాకా పోయింది. “మీ 20 లక్షలు 10 అయితే ఏం చేస్తారు?” అని అడగండి. ఆయన వెంటనే ఇంట్లోవాళ్ల వంక చూస్తే ఈక్విటీ 14కు దించండి.

నెలనెలా ఖాతాలోంచి ఫండ్‌కు కట్టే సిప్ ఈ కుటుంబాలకు తరచూ తెగిపోతుంది, ఆగస్టు, సెప్టెంబరుల్లో ఖాతాలో డబ్బుండదు. సీజన్ డబ్బు మార్చి, ఏప్రిల్‌లో లిక్విడ్ ఫండ్‌లో (అతి తక్కువ కాలపు అప్పు పత్రాల ఫండ్) వేయించి, అక్కడినుంచి పన్నెండు నెలలు ఈక్విటీకి ఎస్‌టీపీ, అంటే నెలనెలా దానంతటదే జరిగే బదిలీ, పెట్టండి. ఏడో రోజు నుంచి లిక్విడ్‌కు ఎగ్జిట్ లోడ్ (డబ్బు తీసినప్పటి కోత) ఉండదు. ప్రతి బదిలీ అమ్మకం కిందే లెక్క కనుక ఆ చిన్న లాభానికి ఆయన ఆదాయపన్ను శ్లాబు రేటు పడుతుందని ముందే చెప్పండి.

డెట్‌లో అరశాతం ఎక్కువ కోసం పోకండి. 2020 ఏప్రిల్లో ఒక ఫండ్ సంస్థ ఆరు డెట్ పథకాల్ని ఒక్కసారిగా ఆపేసింది. వాటిలో అప్పు నాణ్యత తక్కువ పత్రాలు బాగా ఉన్నాయి. ఫండ్ వివరాల పత్రం, ఫ్యాక్ట్‌షీట్‌లో రెండు చూస్తే చాలు. ఒకటి ట్రిపుల్ ఏ (అత్యున్నత రేటింగ్), ప్రభుత్వ పత్రాల వాటా. రెండోది మాడిఫైడ్ డ్యూరేషన్, వడ్డీరేట్లు మారితే ఫండ్ విలువ ఎంత కదులుతుందో చెప్పే అంకె. అది 7 ఉంటే, వడ్డీరేట్లు ఒక శాతం పెరిగితే విలువ దాదాపు 7 శాతం తగ్గుతుంది. ఈ 12 లక్షలకు 3 లోపు చాలు.

సరిచూసుకోవడం ఏడాదికోసారి, యార్డుకు వేసవి సెలవులిచ్చినప్పుడు. 32 లక్షల్లో ఈక్విటీ 5 శాతం పాయింట్లు అటూ ఇటూ జరిగితేనే ముట్టుకోండి. అప్పుడూ ముందు కొత్త డబ్బుతో సరిచేయండి, అమ్మకం తర్వాత.

పటమటలోనో బ్రాడీపేటలోనో ఉన్న తల్లిదండ్రులు అమెరికాలోని అబ్బాయి డబ్బు తమ పేరున ఫండ్లలో వేయమంటే ఒప్పుకోకండి. అది ఎవరి సొమ్మో తేలని రోజు పన్ను తగాదా ఇద్దరికీ చుట్టుకుంటుంది. అబ్బాయి పేరునే వేయాలన్నా, అమెరికాలో పన్ను కట్టేవాళ్లకు మన మ్యూచువల్ ఫండ్లు అక్కడి పీఫిక్ (విదేశీ ఫండ్ల వంటివాటి పన్ను) నిబంధనల కిందికొస్తాయి. ఫారం 8621 ఏటా ఫండుకొకటి చొప్పున నింపాల్సి రావచ్చు. కొన్ని ఫండ్ సంస్థలు వాళ్ల దరఖాస్తే తీసుకోవు. అక్కడి పన్ను నిపుణుణ్ని అడిగి రమ్మని, చెక్కు తిరిగిచ్చేయండి.