మలక్‌పేట రేస్ కోర్సుకు మొదటిసారి వెళ్తున్నారా? ముందు గుర్రాన్ని చూడండి

తిరుపతి, చిత్తూరు వాళ్ళకు గుర్రప్పందేలంటే ఒకప్పుడు గిండీయే. పొద్దున బస్సెక్కి మద్రాసు పోయి, పందేలు చూసుకుని, రాత్రి భోజనానికి ఇల్లు చేరుకునే దూరం. 2024 సెప్టెంబరులో తమిళనాడు ప్రభుత్వం లీజు రద్దు చేసి ఆ రేస్ కోర్సుకు సీలు వేసింది. చిత్తూరుకు బెంగళూరు కూడా దగ్గరే. కానీ అక్కడ 2024 జూన్‌లో లైసెన్సు రాక పందేలు ఆగాయి, విషయం కోర్టుకు వెళ్ళింది. బెంగళూరు వెళ్ళాలనుకునేవాళ్ళు ముందు కనుక్కుని బయల్దేరండి. నన్నడిగితే మాత్రం హైదరాబాద్ మలక్‌పేటకే వెళ్ళమంటాను.

నేను పశువైద్యుణ్ణి. తిరుపతి వెటర్నరీ కాలేజీలో చదువుకుని, సర్వీసంతా ఈ జిల్లా పల్లెల్లో ఆవులకూ గొర్రెలకూ వైద్యం చేశాను. గుర్రమంటే మాత్రం చిన్నప్పటి నుంచీ ప్రాణం. బ్రహ్మోత్సవాల్లో స్వామి వాహనం ముందు నడిచే గుర్రాలను చూడటానికే మాడవీధిలో ముందు వరసలో చోటు పట్టుకునేవాణ్ణి. కాబట్టి ఇక్కడ చెప్పేది డబ్బు గెలిచే ఉపాయం కాదు. అక్కడికి వెళ్ళినప్పుడు ఏం చూడాలో, ఎక్కడ నిలబడి చూడాలో చెబుతాను.

పందేలు ఏడాది పొడవునా ఉండవు. వానాకాలం సీజన్ ఒకటి, చలికాలం సీజన్ ఒకటి. ఏ తేదీల్లో ఉన్నాయో హైదరాబాద్ రేస్ క్లబ్ వెబ్‌సైట్‌లో చూసుకున్నాకే టికెట్టు బుక్ చేసుకోండి. దక్కన్ డెర్బీ అనే పెద్ద పందెం ఆనవాయితీగా అక్టోబరు 2న జరుగుతుంది. ఆ రోజు జనం బాగా ఉంటారు కాబట్టి మొదటిసారి వెళ్ళేవాళ్ళు మామూలు రోజు ఎంచుకోవడం మేలు. గుర్రం దగ్గరగా కనబడుతుంది.

మనకు వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ ఉంది. చిత్తూరులో బయల్దేరి తిరుపతి మీదుగా కాచిగూడ వెళ్తుంది. సాయంత్రం ఎక్కితే మర్నాడు పొద్దున్నే దిగుతాం. కాచిగూడ నుంచి మలక్‌పేట దగ్గరే, ఆటో చాలు. ఊళ్ళో ఇంకెక్కడైనా బస చేస్తే మియాపూర్–ఎల్‌బీ నగర్ మెట్రో లైనులో మలక్‌పేట స్టేషన్లో దిగండి. పందేలు సాధారణంగా మధ్యాహ్నం మొదలవుతాయి. స్నానం, టిఫిన్ ముగించుకుని కాస్త నడుం వాల్చినా టైముకు చేరుకోవచ్చు.

ఈ రేస్ కోర్సుకు పెద్ద చరిత్రే ఉంది. మొదట పందేలు మౌలాలిలో జరిగేవి. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో వాటిని మలక్‌పేటకు, తన మహబూబ్ మాన్షన్ దగ్గరికి తెప్పించుకున్నారు. ఆయన పోయాక సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌కు మారి, 1968లో మళ్ళీ మలక్‌పేటకే వచ్చాయి.

గేటు దగ్గర పబ్లిక్ స్టాండుకు టికెట్టు తీసుకోండి. మెంబర్ల స్టాండులోకి మెంబరు తీసుకెళ్తేనే వెళ్ళగలం, అక్కడ బట్టల విషయంలో కట్టుబాట్లు కూడా ఉంటాయి. పిల్లల్ని తీసుకెళ్ళాలనుకుంటే ముందే క్లబ్ ఆఫీసుకు ఫోన్ చేసి అడగండి. టోపీ, నీళ్ళు, వీలైతే బైనాక్యులర్ వెంట ఉండాలి. లోపలికి వెళ్ళగానే రేస్ బుక్ కొనుక్కోండి. అది లేకుండా పందెం చూడటం తెలియని ఊళ్ళో చిరునామా లేకుండా తిరగడం లాంటిది. అందులో గుర్రం నంబరు, పేరు, వయసు, రంగు, తల్లీ తండ్రీ, మోసే బరువు, ట్రైనరు, స్వారీ చేసే జాకీ, ఈ మధ్య పరుగుల్లో ఎన్నో స్థానంలో వచ్చిందో అన్నీ ఉంటాయి. 'డ్రా' అని ఇంకో నంబరు కనబడుతుంది. అది స్టార్టింగ్ గేటులో నిలబడే స్థానం. గుర్రం మీది నంబరుతో దాన్ని కలిపేసుకోకండి.

బరువు సంగతి చాలామందికి వింతగా ఉంటుంది. హ్యాండిక్యాప్ పందేల్లో బాగా పరుగెత్తే గుర్రం మీద ఎక్కువ బరువు పెడతారు. జాకీ బరువు చాలకపోతే జీనులో సీసం పలకలు పెట్టి సరిచేస్తారు. పందేనికి ముందు జాకీని జీనుతో సహా తూస్తారు, అయ్యాక మళ్ళీ తూస్తారు.

ఇప్పుడు అసలు చోటికి వద్దాం. ప్రతి పందేనికి ముందు గుర్రాలను ప్యాడాక్‌లో, అంటే జనం చూడటానికి కంచె వేసిన ఆవరణలో తిప్పుతారు. గుర్రాన్ని చూసుకునే సైసు కళ్ళెం పట్టుకుని గుండ్రంగా నడిపిస్తాడు. జనంలో సగం మంది ఆ టైములో బోర్డు మీద రేట్లు చూస్తూ ఉంటారు. మీరు కంచె దగ్గరికి వెళ్ళి నిలబడండి. గుర్రం ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా పుస్తకం తెరవకండి, పేరు కూడా చూడకండి.

మొదట నడక చూడండి. వెనక గిట్ట, ముందు గిట్ట వదిలిన అచ్చును దాటి ముందుకు పడుతోందా? అలా తేలిగ్గా, బారుగా అంగలేసే గుర్రం ఒంట్లో బిగుతు లేదని అర్థం. తల ఆడింపు గమనించండి. ముందు కాలు నొప్పిగా ఉంటే ఆ కాలు నేలకు ఆనగానే తల పైకి లేస్తుంది, మంచి కాలు ఆనినప్పుడు కిందికి దిగుతుంది. ఆవు కుంటినా ఇంతే, పల్లెల్లో నాకు రోజూ అక్కరకొచ్చిన లెక్క ఇది. తర్వాత చర్మం. ఆరోగ్యంగా ఉన్న గుర్రం వెంట్రుక ఎండలో నూనె రాసినట్టు మెరుస్తుంది. చివరి పక్కటెముకలు లీలగా కనబడితే భయపడకండి, పందెం గుర్రం అలాగే ఉండాలి. తొడ వెనక కండ చూడండి, పరుగుకు తోపు అక్కడి నుంచే వస్తుంది.

చెమట విషయంలో తొందరపడొద్దు. ఎండకు పట్టే చెమట మామూలే. మెడ మీదా వెనక కాళ్ళ మధ్యా తెల్లటి నురగ కట్టి, తోక విసురుతూ, సైసును లాగేస్తూ ఉంటే మాత్రం టెన్షన్ పడుతోందని అర్థం. పందెం మొదలు కాకుండానే అది సగం బలం ఖర్చు పెట్టేసుకుంటోంది. చెవులు ముందుకు నిక్కబొడుచుకుని, నింపాదిగా చుట్టూ చూస్తూ నడిచే గుర్రం నాకు నచ్చుతుంది.

అక్కడ గట్టిగా అరవకండి, గొడుగు టక్కున తెరవకండి, ఫ్లాష్ వేసి ఫోటోలు తీయకండి. గుర్రానికి రెండు పక్కలా దాదాపు చుట్టూరా కనబడుతుంది. ఎక్కడో మూల కదిలిన గుడ్డకు కూడా బెదురుతుంది. బెదిరితే దెబ్బ తగిలేది దానికీ సైసుకీ.

పరుగును ఒకసారి గెలుపు స్తంభం దగ్గర రెయిలింగ్ పక్కన నిలబడి చూడండి, ఇంకోసారి స్టాండు పై మెట్ల మీద నుంచి చూడండి. పైనుంచి పందెం మొత్తం అర్థమవుతుంది. కింద నుంచి గిట్టల మోత నేలలోంచి కాళ్ళకు తెలుస్తుంది, ఊపిరి కూడా వినబడుతుంది. గుర్రం నోటితో గాలి పీల్చలేదు, ముక్కుతోనే పీల్చాలి. దౌడు తీసేటప్పుడు ఒక్కో అంగకు ఒక్కో శ్వాస. ఊరికే నిలబడి ఉన్నప్పుడు నిమిషానికి 30, 40 సార్లు కొట్టుకునే గుండె పందెంలో 200 దాటుతుంది. ప్లీహం ముడుచుకుని, దాచుకున్న ఎర్ర రక్తకణాలను రక్తంలోకి వదులుతుంది. 1200 మీటర్ల పందెం నిమిషం పావులో అయిపోతుంది కానీ, ఆ కొద్దిసేపట్లో ఆ శరీరం చేసే పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

పరుగు అవగానే అందరూ తర్వాతి పందెం వైపు తిరుగుతారు. మీరు తిరిగొచ్చే గుర్రాలను చూడండి. ముక్కుపుటాలు ఎర్రగా విచ్చుకుని, ఒంటి మీద నరాలు తేలి ఉంటాయి. నడిపిస్తూ ఉంటే ఊపిరి ఎంత త్వరగా దారికొస్తుందో గమనించండి. ఆ గుర్రం ఎంత తయారుగా ఉందో అక్కడ తెలుస్తుంది. గెలిచినదానికి నిషేధించిన మందులేమైనా ఇచ్చారేమోనని పరీక్ష కూడా చేస్తారు.

ఇక డబ్బు. గుర్రప్పందెంలో నైపుణ్యమే ప్రధానమని 1996లో సుప్రీంకోర్టు మద్రాసు రేస్ క్లబ్ కేసులోనే చెప్పింది. నిజమే, కానీ ఆ నైపుణ్యం ఒక్క మధ్యాహ్నంలో రాదు. పైగా కట్టే పందెం మొత్తం మీద జీఎస్టీ 2023 అక్టోబరులో 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం. గెలుపు పదివేలు దాటితే 30 శాతం టీడీఎస్ కోసుకుంటారు. మొదటిసారి వెళ్ళినప్పుడు పందెం కట్టకండి. ప్యాడాక్‌లో మీకు నచ్చిన గుర్రం నంబరు పుస్తకంలో రాసుకుని, అది ఎన్నోదిగా వచ్చిందో చూసుకోండి చాలు. కట్టి తీరాలనుకుంటే క్లబ్ లోపల పందెం టికెట్లిచ్చే టోట్ కౌంటర్లోనే, పోయినా బాధపడనంత మొత్తమే కట్టండి. పందేన్ని పర్యవేక్షించే స్టీవార్డులు ఫలితం ఖాయం చేసేదాకా టికెట్టు చించకండి. అభ్యంతరం వస్తే స్థానాలు మారొచ్చు. తిరుపతిలో కూర్చుని ఫోన్లో పందెం కట్టే ఆలోచన అసలు పెట్టుకోవద్దు. ఆంధ్రప్రదేశ్‌లో ఆన్‌లైన్ బెట్టింగ్‌ను 2020లోనే నిషేధించారు.

తిరుగు ప్రయాణానికి అదే వెంకటాద్రి రాత్రి కాచిగూడలో ఉంటుంది. ఆదివారాల్లో బెర్తులు త్వరగా నిండిపోతాయి కాబట్టి, వెళ్ళేటప్పటి టికెట్టుతో పాటే రిటర్ను కూడా తీసేసుకోండి.