చరిత్రలో ఈరోజు: రోజుకో క్విజ్ ప్రశ్న తయారు చేయడం ఎలా?

ముందు ఆ తేదీన జరిగిన సంఘటనలు ఓ పది రాసుకోండి. యుద్ధాలు, పట్టాభిషేకాలు, మరణాలే ఎక్కువగా తగులుతాయి. వాటి మధ్య ఒక ప్రయాణమో, ఆవిష్కరణో, ఆటల పోటీయో దొరికేదాకా వెతకండి. ఏ రోజు ప్రశ్న ఆ రోజే వెతుక్కుంటే టెన్షన్ తప్పదు. వారానికి సరిపడా ఒకేసారి చూసిపెట్టుకోండి.

తర్వాత తేదీ సరిచూడాలి. అసలు పని ఇదే, చాలామంది వదిలేసేదీ ఇదే. పాత సంఘటన అయితే అది ఏ క్యాలెండర్ తేదీయో చూడండి. ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ క్యాలెండర్ 1582లోనే వచ్చినా, బ్రిటన్ 1752 దాకా, రష్యా 1918 దాకా పాత జూలియన్ క్యాలెండర్‌నే వాడాయి. న్యూటన్ పుట్టింది అప్పటి ఇంగ్లండ్ లెక్కలో 1642 డిసెంబర్ 25. ఇప్పటి లెక్కలో 1643 జనవరి 4. రష్యా ‘అక్టోబర్ విప్లవం’ మనకు నవంబర్ 7న వస్తుంది.

ఇటీవలి సంఘటనకు టైమ్ జోన్ చిక్కు ఉంటుంది. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి హవాయిలో 1941 డిసెంబర్ 7న జరిగింది. అప్పటికే జపాన్‌లో 8వ తేదీ. కాబట్టి సంఘటన జరిగిన చోటి తేదీనే తీసుకోండి. చంద్రుడి మీద జరిగినదానికి ఆ సూత్రం పనిచేయదనుకోండి, అక్కడ అంతర్జాతీయ సమయమే దిక్కు! దాని ప్రకారం అపోలో 11 దిగింది 1969 జూలై 20న, ఆర్మ్‌స్ట్రాంగ్ కాలు మోపింది 21న.

ఒకే సంఘటనకు రెండు మూడు తేదీలుండొచ్చు కూడా. టైటానిక్ మంచుకొండను ఢీకొన్నది 1912 ఏప్రిల్ 14 రాత్రి, మునిగింది 15 తెల్లవారుజామున. దేని గురించి అడుగుతున్నారో ప్రశ్నలోనే తేల్చేయండి.

ఇక ప్రశ్న. ‘ఏ సంవత్సరంలో?’ అని మాత్రం అడగొద్దు. తెలిసినవాళ్లు చెప్తారు, మిగతావాళ్లు గుడ్డిగా టిక్ పెడతారు. దానికి బదులు జూలై 20న ఇలా అడగొచ్చు: ‘ఇద్దరు చంద్రుడి మీద దిగితే, పైన కక్ష్యలో ఉండిపోయిన మూడో వ్యోమగామి ఎవరు?’ జవాబు మైకేల్ కాలిన్స్. తప్పు ఆప్షన్లుగా జిమ్ లవెల్, జాన్ యంగ్ పెట్టండి. ఇద్దరూ అంతకుముందే చంద్రుడి చుట్టూ తిరిగొచ్చినవాళ్లు కాబట్టి కాసేపు తికమక పెడతారు. సోవియట్ వ్యోమగామి గగారిన్ పేరు పెడితే ఎవరైనా చూడగానే కొట్టేస్తారు.

జవాబుతో పాటు రెండు వాక్యాలు ఇవ్వండి. ఉదాహరణకు, కాలిన్స్ నౌక చంద్రుడి వెనక్కి వెళ్లిన ప్రతిసారీ ముప్పావు గంటకు పైగా భూమితో రేడియో సంబంధం తెగిపోయేది. జనం గుర్తుపెట్టుకునేది, పక్కవాళ్లకు చెప్పేది ఇలాంటి ముక్కే.

ప్రశ్న ఉదయం, జవాబు సాయంత్రం పెట్టండి. హిరోషిమా మీద బాంబు పడిన ఆగస్టు 6 లాంటి రోజున ఆప్షన్లు, మార్కులు పక్కనపెట్టి సమాచారం మాత్రం ఇస్తే చాలు.