మన బండి, మన చేతులు – 5వ పాఠం: చైన్ సెట్ మార్చుకుందాం

గత పాఠం చివర ఒక పని ఇచ్చాను. కింది వరస చైన్‌ను బిగుతుగా లాగిపట్టి, ఒక పిన్ను నుంచి 21వ పిన్ను వరకు కొలిచి రాసుకోమన్నాను. 100 నుంచి 160 సీసీ బళ్ళలో ఎక్కువగా వచ్చేది 428 రకం చైన్. అందులో పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం 12.7 మి.మీ., అంటే అర అంగుళం. కొత్త చైన్‌లో ఈ 20 లింకులు 254 మి.మీ. ఉంటాయి. మీ కొలత 259కి చేరిందంటే ఆ చైన్‌తో ఇక పని లేదు.

చైన్ సాగిందని అంటాం గానీ, నిజంగా సాగేది పట్టీలు కావు. ప్రతి పిన్నూ, దాన్ని చుట్టుకున్న బుష్షూ వెంట్రుక మందంలో అరుగుతాయి. వందకు పైగా ఉన్న కీళ్ళలో ఆ అరుగుదల కలిస్తే చైన్ పొడవు పెరుగుతుంది. అలా పెరిగిన చైన్ స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ళ చక్రం) పళ్ళ మధ్య గుంటలో కూర్చోలేక పంటి పైకి ఎక్కుతుంది, పళ్ళను కొక్కెంలా వంచి అరగదీస్తుంది. అందుకే చైన్, ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్ మూడూ ఒకేసారి మార్చాలి. డబ్బులు మిగులుతాయని పాత పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే, ఆ పళ్ళు దాన్ని కూడా తొందరగా తినేస్తాయి. ఈ విషయంలో బేరం పెట్టుకోవద్దని గట్టిగా చెబుతాను.

సెట్ కొనేటప్పుడు బండి మోడల్, సంవత్సరం చెప్పండి. ఇంటికి తెచ్చాక పళ్ళు, లింకులు మీరే లెక్కపెట్టండి. పాత చైన్ పక్కన పెట్టి పొడవు పోల్చవద్దు. అది అరిగి పొడవైంది కాబట్టి మోసం చేస్తుంది, లింకుల సంఖ్యే సాక్ష్యం. "ముందు ఒక పన్ను తగ్గిస్తే పికప్ బాగుంటుంది" అని ఎవరైనా సలహా ఇస్తే ఈ లెక్క చూసుకోండి. ముందు 14, వెనక 42 పళ్ళుంటే నిష్పత్తి 3. ముందు 13 చేస్తే 3.23 అవుతుంది. వెనక మూడు పళ్ళు పెంచినా దాదాపు అంతే. ఎత్తులు ఎక్కడం తేలికవుతుంది, కానీ హైవే మీద అదే వేగానికి ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది. రోజువారీ బండికి కంపెనీ ఇచ్చిన లెక్కే ఉంచండి.

ఇక పనిలోకి. వెనక డ్రమ్ బ్రేకు, సెంటర్ స్టాండు ఉన్న మామూలు బండి అనుకుంటున్నాను. సమతలంగా ఉన్న గచ్చు మీద నిలబెట్టి, తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. చైన్ కవర్ రెండు ముక్కలూ, ఇంజన్ ఎడమపక్క చిన్న కవరూ విప్పండి.

ఇక్కడ చాలామంది ఒక తొందరపాటు చేస్తారు, ముందే చైన్ ఊడదీస్తారు. ఊడదీశాక ముందు స్ప్రాకెట్ బోల్టులు తిప్పబోతే అది కూడా వాటితో పాటే తిరుగుతుంది. కాబట్టి చైన్ ఉండగానే గేరులో వేసి, ఒకరిని వెనక బ్రేకు తొక్కి ఉంచమని, ముందు స్ప్రాకెట్ బోల్టులను ఒక చుట్టు వదులు చేయండి. వెనక స్ప్రాకెట్ నట్లకు లాక్ ప్లేటు ఉంటే దాని అంచును ఉలితో చదును చేసి, వాటినీ అలాగే వదులు చేయండి. ఆ తర్వాతే న్యూట్రల్‌లోకి తెచ్చి, యాక్సిల్ (చక్రం ఇరుసు) నట్టు, చైన్ బిగువు సరిచేసే అడ్జస్టర్లు వదులు చేసి చక్రాన్ని ముందుకు నెట్టండి. చైన్ లాక్ (రెండు కొసలనూ కలిపే లింకు మీది క్లిప్పు) వెనక స్ప్రాకెట్ మీదికి వచ్చేలా చక్రం తిప్పి, ప్లయర్‌తో లాక్ తీసేయండి. చక్రం ఊడదీయడం మూడో పాఠంలో నేర్చుకున్నాం, మళ్ళీ చెప్పను.

చక్రం చేతికొచ్చినప్పుడు హబ్ రబ్బర్లు (చక్రం నడుమ ఉండి స్ప్రాకెట్ కుదుపులు తగ్గించేవి) చూడండి. స్ప్రాకెట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పితే కదలిక ఎక్కువగా ఉంటే రబ్బర్లు నలిగిపోయినట్టే, అవి కూడా మార్చేయండి. కొత్త వెనక స్ప్రాకెట్ నట్లను ఎదురెదురుగా కొద్దికొద్దిగా బిగించి, లాక్ ప్లేటు అంచు మళ్ళీ వంచండి. ముందు స్ప్రాకెట్ పాతది ఏ ముఖం బయటికి ఉందో చూసి, కొత్తది కూడా అలాగే ఎక్కించండి. దాని బోల్టుల చివరి బిగింపు చైన్ వేశాక, మళ్ళీ బ్రేకు తొక్కించి చేద్దాం.

కొత్త చైన్‌ను కడగవద్దు. దానికి పూసి వచ్చిన గ్రీజు పిన్నుల లోపలికి దూరి ఉంటుంది, కిరోసిన్‌లో ముంచితే అది పోతుంది. చైన్ రెండు కొసలూ వెనక స్ప్రాకెట్ పళ్ళ మీద కలపండి. పళ్ళే పట్టుకుంటాయి కాబట్టి లింకు సులువుగా దూరుతుంది. లాక్‌ను చేప అనుకోండి. మూసి ఉన్న కొస తల, చీలి ఉన్న కొస తోక. చైన్ ఏ వైపు పరుగెడుతుందో చేప తల ఆ వైపే ఉండాలి. పై వరసలో చైన్ ముందుకు పోతుంది కాబట్టి అక్కడ తల ఇంజన్ వైపు. అదే లాక్ కింది వరసకు వచ్చినప్పుడు తల వెనక్కి కనిపిస్తుంది, కంగారుపడి తిప్పేయకండి. తలకిందులుగా పెడితే తోక దేనికైనా తగిలి లాక్ ఎగిరిపోవచ్చు. మా తమ్ముడి బండికి ఒక షాపులో అలా పెట్టి పంపారు. లాక్ ఊడి చైన్ తెగి ఇంజన్ కేసుకు చుట్టుకుంది. తను పడకుండా ఆగగలిగాడు, కానీ కేసు పగిలింది. అప్పటి నుంచి ఎవరి బండి చూసినా నా కళ్ళు ముందు ఆ లాక్ మీదికే పోతాయి.

ఇప్పుడు అసలు పాఠం, చైన్ లూజు. కొత్త సెట్ పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. కొత్తది కదా అని బిగుతుగా పెట్టాలనిపిస్తుంది. కానీ మీరు కూర్చున్నప్పుడు వెనక చక్రం పైకి లేచి, ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టుకునే చేయి) ఇరుసు, వెనక యాక్సిల్ ఒకే గీతలోకి వస్తున్న కొద్దీ రెండు స్ప్రాకెట్ల మధ్య దూరం పెరుగుతుంది. ఖాళీ బండికి బిగుతుగా ఉన్న చైన్, ఇద్దరు ఎక్కి గుంతలో దిగితే తీగలా బిగుసుకుంటుంది. ఆ లాగుడంతా గేర్‌బాక్స్ బేరింగు మీద పడుతుంది. కొంచెం లూజు ఎక్కువైతే చప్పుడు చేసి చెబుతుంది, బిగువు ఎక్కువైతే చెప్పకుండా బేరింగును తింటుంది.

కింది వరస నడుమ స్కేలు నిలబెట్టి, చైన్‌ను వేలితో పైకీ కిందికీ కదపండి. ఇలాంటి బళ్ళలో మొత్తం కదలిక సాధారణంగా 20 నుంచి 30 మి.మీ., మీ బండి పుస్తకంలో ఉన్న అంకె చూసి అదే పాటించండి. చక్రం పావు చుట్టు చొప్పున తిప్పుతూ నాలుగు చోట్లా కొలవండి. అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోట ఆ కొలత కుదరాలి. రెండు పక్కలా అడ్జస్టర్ గుర్తులు ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూసి, వెనక మోకాళ్ళ మీద కూర్చుని చైన్ స్ప్రాకెట్‌లోకి తిన్నగా దిగుతోందో కంటితో కూడా చూడండి. యాక్సిల్ నట్టు బిగించాక లూజు మారుతుంది, మళ్ళీ కొలవాల్సిందే. నట్టుకు స్ప్లిట్ పిన్ను ఉంటే కొత్తది వేయండి. చక్రం జరిగింది కాబట్టి బ్రేకు రాడ్డు కూడా సరిచేసి, పెడల్ ఆట, బ్రేకు లైటు చూసుకున్నాకే రోడ్డెక్కండి.

ఆయిల్ వేసేటప్పుడు ఒక్క మాట వినండి. ఇంజన్ స్టార్ట్ చేసి గేరులో వేసి, తిరిగే చైన్‌కు ఆయిల్ పట్టించడం ఎప్పుడూ వద్దు. చైన్‌కూ స్ప్రాకెట్‌కూ మధ్య గుడ్డపీలిక చిక్కితే దానితో పాటు వేలు కూడా పోతుంది. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పుతూ, మామూలు చైన్‌కు ఎస్‌ఏఈ 90 గేర్ ఆయిల్ లోపలి అంచు మీద చుక్కలుగా వేసి, పది నిమిషాల తర్వాత పైపైన తుడిచేయండి. ఓ-రింగ్ చైనైతే (లింకుల మధ్య రబ్బరు రింగులున్న రకం) పెట్రోలు తగలనివ్వకండి, రబ్బరు పాడవుతుంది.

కొత్త చైన్ మొదటి రోజుల్లో కొద్దిగా కుదురుకుని లూజవుతుంది. 500 కి.మీ. తిరిగాక మళ్ళీ నాలుగు చోట్లా కొలిచి, ఆ అంకెలు ఈ రోజు అంకెల పక్కనే తేదీతో రాసి ఉంచండి. 6వ పాఠంలో వెనక బ్రేకు షూలు విప్పుదాం, అప్పుడు చక్రం ఎలాగూ ఊడదీస్తాం కాబట్టి ఆ నోట్సు దగ్గర పెట్టుకోండి.