డ్రయ్యర్ కొనేముందు గోడ చూడండి

డాలస్ చుట్టుపక్కల అపార్ట్‌మెంట్ వదిలి మొదటిసారి విడి ఇంట్లోకి మారుతున్న మనవాళ్ల కోసం ఇది. స్టవ్వు, డిష్‌వాషర్ మామూలుగా ఇంటితోనే వస్తాయి. ఫ్రిజ్, బట్టలుతికే వాషర్, ఆరబెట్టే డ్రయ్యర్ చాలాచోట్ల మనమే తెచ్చుకోవాలి. ఏ బ్రాండ్ మంచిదని అందరూ అడుగుతారు. లాండ్రీ గదిలో గోడకి ఏముందో చూసొచ్చి అడిగినవాళ్లు మాత్రం నాకు ఇంతవరకు తగల్లేదు.

మొన్న మా వీధిలోకి వచ్చిన విజయవాడ కుర్రాడు లేబర్ డే సేల్లో వాషర్, డ్రయ్యర్ జత కొన్నాడు. డెలివరీవాళ్లు వచ్చి చూస్తే అతను కొన్నది గ్యాస్ డ్రయ్యర్, గోడకేమో గ్యాస్ లైను లేదు. వ్యాన్‌లో పెట్టుకుని తీసుకెళ్లిపోయారు. ఇంట్లో చంటిపాప, ఉతకాల్సిన బట్టలు గుట్టగా ఉన్నాయి. నేనొచ్చిన కొత్తలో మా ఇంట్లోనూ ఇలాంటిదే. డ్రయ్యర్‌కి వైరు లేదని అట్టపెట్టెలోనే వదిలేసి వెళ్లారు. ఇక్కడ డ్రయ్యర్ ఒకటి, వైరు ఒకటి, వేర్వేరుగా కొనుక్కోవాలని షాపులో ఒక్కరూ నోరు విప్పలేదు. ఆ చలికాలం తడిబట్టల బుట్ట మోసుకుంటూ, క్వార్టర్ల (పాతిక సెంట్ల నాణేల) కోసం వెతుక్కుంటూ, డబ్బులేసి బట్టలుతుక్కునే లాండ్రోమ్యాట్ చుట్టూ తిరిగాం.

అందుకని ముందు గోడ చూడండి. కుళాయిలకి కాస్త పక్కగా పెద్ద సాకెట్ ఉంటే అది 240 వోల్టులు, 30 ఆంపియర్లది, ఎలక్ట్రిక్ డ్రయ్యర్‌కి. వాల్వుతో గ్యాస్ పైపు, దాని పక్కన మామూలు 120 వోల్టుల సాకెట్ ఉంటే గ్యాస్ డ్రయ్యర్‌కి. రెండూ ఉన్న ఇళ్లూ ఉన్నాయి. పెద్ద సాకెట్‌లో కన్నాలు మూడా, నాలుగా? 1996 నాటి అమెరికా ఎలక్ట్రికల్ కోడ్ (వైరింగ్ నియమాలు) నుంచి కొత్త వైరింగ్‌కి నాలుగే. అంతకుముందు కట్టిన ఇళ్లలో మూడు కనిపిస్తాయి. ఫోన్‌తో ఫొటో తీసి షాపులో చూపించి, దానికి సరిపడే వైరు అడగండి.

వైరు బిగించేటప్పుడు పక్కనే నిలబడి చూడండి. డ్రయ్యర్ వెనక చిన్న మూత తీస్తే వరసగా మూడు స్క్రూలుంటాయి. మధ్యది న్యూట్రల్. దాన్నుంచి మెషిన్ రేకు ఒంటికి ఒక పట్టీయో, వైరు ముక్కో కలిపి ఉంటుంది. నాలుగు పిన్నుల వైరు వేస్తే ఆ కలిపింది విడదీయాలి, నాలుగో వైరు రేకుకి బిగించాలి. విడదీయకుండా వదిలేస్తే న్యూట్రల్ కరెంటు మెషిన్ ఒంట్లోంచీ పోతుంది. అనుమానం ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

ఇంకొకటి. ఇండియా నుంచి తెచ్చిన మిక్సీ, గ్రైండర్ ఆ 240 సాకెట్‌కి పెట్టొచ్చా అని అడుగుతూనే ఉంటారు. పెట్టకూడదు. సన్నటి మిక్సీ వైరు కాలిపోతున్నా 30 ఆంపియర్ల బ్రేకర్ పడదు. పైగా అక్కడ 50 హెర్ట్జ్, ఇక్కడ 60. 110 వోల్టుల మిక్సీలు ఇండియన్ స్టోర్లలో దొరుకుతున్నాయి, కొనుక్కోండి.

ఇప్పుడు గొట్టం సంగతి. నాకు అన్నిటికన్నా భయం దీంతోనే. వేడిగాలి బయటికి పోయే గొట్టం 4 అంగుళాల గట్టి రేకుది అయ్యుండాలి. ప్లాస్టిక్‌ది, తగరపు కాగితంలా ముడతలు పడేది వద్దేవద్దు. ఆ ముడతల్లో నూగు పేరుకుంటుంది, పేరుకున్న నూగు అంటుకుంటుంది. 2008-2010 లెక్కల్లో అమెరికా మొత్తం మీద ఏడాదికి దాదాపు 2,900 డ్రయ్యర్ అగ్నిప్రమాదాలు నమోదయ్యాయి. కారణాల్లో మొదటిది శుభ్రం చేయకపోవడం. మన ఇళ్లలో కాటన్ తువ్వాళ్లు, లుంగీలు, పిల్లల బట్టలు ఎక్కువ, నూగూ ఎక్కువే. ప్రతి లోడుకీ డ్రయ్యర్‌లో నూగు పట్టే జాలీ తీసి చేత్తో తుడవండి. తర్వాత చేద్దాం అనుకోకండి. డ్రయ్యర్ నడుస్తున్నప్పుడు ఇంటి బయటికెళ్లి గొట్టం చివర రెక్క తెరుచుకుంటోందో లేదో చూడండి. బట్టలు ఆరడానికి రెండోసారి తిప్పాల్సి వస్తోందంటే మెషిన్‌ని తిట్టకండి, ముందు గొట్టం చూడండి. మెషిన్‌ని వెనక్కి నెట్టేటప్పుడు గొట్టం నలిగిపోతుంది. వెనక జాగా వదిలి, టార్చ్ వేసి చూసుకోండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. ఫ్రిజ్ పెట్టే గూడు వెడల్పు, ఎత్తు, లోతు కొలవండి. వీధి తలుపు, మలుపులు కూడా కొలవాలి. ఐసు మెషిన్ ఉన్న ఫ్రిజ్ అయితే వెనక నీళ్ల లైను ఉందో లేదో చూసుకోండి. వాషర్ నీళ్ల గొట్టాలు స్టీలు అల్లికవి తీసుకోండి. లాండ్రీ గది మేడమీదుంటే మరీ ముఖ్యం, గొట్టం పగిలితే కింద సీలింగ్ పోతుంది. ఇండక్షన్ స్టవ్వు మీద అల్యూమినియం కుక్కరు, ఇత్తడి గిన్నె వేడెక్కవు. గిన్నె అడుక్కి అయస్కాంతం అంటుకుంటేనే పనికొస్తుంది. స్టవ్వు పైన మైక్రోవేవ్ ఉంటే దాని గాలి బయటికి పోతోందా, తిరిగి వంటింట్లోకే వస్తోందా చూడండి. చేపల వేపుడు చేసిన రోజు తేడా తెలుస్తుంది.

ఇన్ని చెప్పానని బెదిరిపోకండి. నిజానికి గోడ ఒకసారి చూసుకుంటే తొంభై పాళ్లు పని అయినట్టే. మంచి కంపెనీల మధ్య మనం అనుకున్నంత తేడా లేదు. మూలన గీత పడిందని తగ్గించి అమ్మే పీసులు కూడా, వారంటీ ఉందని కాగితం మీద చూసుకుంటే, నిశ్చింతగా కొనొచ్చు. తొందరపడి ఇల్లు చేతికొచ్చిన రోజే అన్నీ ఆర్డర్ పెట్టకండి. మెమోరియల్ డే, జులై నాలుగు, లేబర్ డే, బ్లాక్ ఫ్రైడే, ఏడాదిలో ఏదో ఒక సేల్ దగ్గర్లోనే ఉంటుంది. డెలివరీ రోజు ఎవరో ఒకరు ఇంట్లో ఉండి, ఒక లోడు పూర్తిగా తిరిగాక గొట్టాల కింద తడి లేదని చేత్తో తడిమి చూడండి. డెలివరీవాళ్లు అంతసేపు ఆగరు. ఏదైనా కారితే వెంటనే ఫొటో తీసి షాపుకి పంపండి. చాలా షాపుల్లో వెనక్కి తీసుకునే గడువు కొద్ది రోజులే.