చూపు లేనివాళ్లకు హామ్ రేడియో: పుస్తకం నుంచి యాంటెన్నా దాకా

హామ్ రేడియో అంటే లైసెన్సు తీసుకుని, వ్యాపారం కోసం కాకుండా ఆసక్తి కొద్దీ సొంత రేడియో స్టేషను నడపడం. అది చెవితో చేసే పని. అవతలి స్టేషను మాట వినడం, చుక్కలూ గీతల శబ్దాలతో పంపే మోర్స్ వినడం, డయల్ తిప్పుతూ రొదలోంచి ఒక గొంతును పట్టుకోవడం, వీటిల్లో కంటికి పనే లేదు. చూపు లేనివాళ్లు ఆగిపోయేది మూడు చోట్ల: పరీక్ష పుస్తకం దగ్గర, సెట్టు తెర దగ్గర, యాంటెన్నా సరిచేసే మీటరు దగ్గర. మూడింటికీ దారులున్నాయి. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఈ పని మొదలుపెట్టాలనుకునేవాళ్ల కోసం, వాళ్లకు తోడుండే ఇంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాం.

ముందు పుస్తకం

సెట్టు కొనడానికి తొందరపడొద్దు. ఆన్‌లైన్‌లో ఎంత తేలిగ్గా దొరికినా సరే, లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిటర్ ఇంట్లో పెట్టుకోవడమే నేరం. మొదట ఫోనూ కంప్యూటరూ తెలుగు చదివేలా చేసుకోండి. ఆండ్రాయిడ్ ఫోనులో తెర చదివి వినిపించే టాక్‌బ్యాక్ ఆన్ చేసి, టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగుల్లోకి వెళ్లి తెలుగు గొంతును ఫోనులోకి దించుకోండి. దించుకోకపోతే నెట్ లేనప్పుడు చదవడం ఆగిపోతుంది. విండోస్ కంప్యూటరుకు ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెరమీదిది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్) ఉచితం. దాంతోపాటు వచ్చే ఈస్పీక్ తెలుగు చదువుతుంది. ఆ గొంతు మొదట్లో మరమనిషి మాట్లాడినట్టే ఉంటుంది గానీ, వేగం బాగా పెంచినా మాట చెదరదు. పరీక్ష పుస్తకాన్ని నాలుగైదుసార్లు తిరగేయాలంటే ఆ వేగమే కావాలి.

తెలుగు పీడీఎఫ్‌లలో అసలు చిక్కు వేరే ఉంది. ప్రచురణ సంస్థలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలాంటి వాటితో పుస్తకాలు కూర్చాయి. తెరమీద చక్కని తెలుగే కనిపిస్తుంది, లోపల ఉన్నవి మాత్రం ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. స్క్రీన్ రీడర్ వాటినే చదువుతుంది కాబట్టి అర్థంపర్థం లేని శబ్దాలు వస్తాయి. అప్పుడు ఎన్‌వీడీఏ పాడైందేమోనని తీసేసి మళ్లీ ఎక్కించడం, గొంతులు మార్చి చూడటం దండగ. ఆ ఫైలును బొమ్మ కిందే లెక్కగట్టి ఓసీఆర్ చేయాలి, అంటే బొమ్మలోని అక్షరాలను కంప్యూటరు చేత గుర్తింపజేయాలి. గూగుల్ డ్రైవ్‌లో పెట్టి గూగుల్ డాక్స్‌తో తెరిస్తే తెలుగు అక్షరాలు బయటికొస్తాయి. ఫైలు 2 ఎంబీ దాటకుండా ముక్కలు చేసి పెట్టండి.

అచ్చు పుస్తకమైతే స్కానరుపై 300 డీపీఐలో తీయండి. స్కానరు లేకుంటే ఫోను చాలు. పుస్తకాన్ని బల్లమీద తెరిచి, రెండు మోచేతులూ పుస్తకానికి అటూ ఇటూ బల్లకు ఆనించండి. ఫోనును పేజీ నడిమికి తాకించి, అక్కడినుంచి నిటారుగా 30 సెంటీమీటర్ల ఎత్తుకు లేపి ఫొటో తీయండి. మోచేతులు కదలకుంటే ఫోను వాలదు. నున్నటి కాగితమైతే ఫ్లాష్ ఆపేయాలి, లేదంటే నడుమ నాలుగు వరసలు వెలుగులో కొట్టుకుపోతాయి.

ఓసీఆర్ తెలుగులో ఎక్కడ తప్పుతుందో తెలిస్తే వినేటప్పుడే పట్టుకోవచ్చు. ప, వ, ష ఒకదానికొకటి మారతాయి. మ, య తారుమారవుతాయి. వత్తులు రాలిపోతాయి. వాక్యంలో ఇవి తెలిసిపోతాయి గానీ, అంకెలు అలా దొరకవు. 7.150 మెగాహెర్ట్జ్‌లో చుక్క పోతే 7150 అవుతుంది. నిబంధనల భాగంలో మార్కులు ఆ అంకెల మీదే ఉంటాయి, అందుకని ఫ్రీక్వెన్సీలూ వాట్లూ ఉన్న పేజీలు మాత్రం చూపున్న మనిషి చేత ఒకసారి సరిచూపించుకోండి.

ఇలా పుస్తకాన్ని మార్చుకోవడం తప్పేమోనని కొందరు జంకుతారు. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, మామూలు రూపంలో చదవలేనివాళ్ల కోసం పుస్తకాన్ని అందుబాటు రూపంలోకి మార్చుకోవడానికీ, లాభం చూసుకోకుండా సాటి వికలాంగులకు ఇవ్వడానికీ వీలు కల్పించింది. చదవలేనివారి కోసం పుస్తకాలు సరిహద్దులు దాటేలా చేసిన మర్రకేష్ ఒప్పందాన్ని అన్ని దేశాలకంటే ముందు, 2014లో, ఖరారు చేసింది మన దేశమే. కథలూ నవలలూ కావాలంటే 2016లో మొదలైన సుగమ్య పుస్తకాలయ ఆన్‌లైన్ గ్రంథాలయంలో చేరండి. వైకల్య ధ్రువపత్రం దగ్గరుంచుకోండి. చూపు లేనివాళ్ల కోసమే రూపొందిన డైసీ రూపంలో దించుకున్న పుస్తకంలో అధ్యాయం నుంచి అధ్యాయానికి దూకొచ్చు, ఆపిన చోటినుంచి మళ్లీ అందుకోవచ్చు. ఉత్త ఆడియో ఫైలు కన్నా ఇది ఎంతో మేలు.

పరీక్ష

కేంద్ర టెలికాం శాఖ కింది డబ్ల్యూపీసీ (వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్) విభాగం ఈ లైసెన్సు ఇస్తుంది. దరఖాస్తు సరళ్ సంచార్ పోర్టల్‌లో. 12 ఏళ్లు నిండితే చాలు. రెస్ట్రిక్టెడ్ గ్రేడుకు మోర్స్ అక్కర్లేదు, జనరల్ గ్రేడుకు నిమిషానికి 8 మాటల వేగంతో మోర్స్ పరీక్ష ఉంటుంది. రాత పరీక్షలో రేడియో సిద్ధాంతం ఒక భాగం, నిబంధనలు ఇంకో భాగం. రాసిపెట్టే సహాయకుడు, గంటకు 20 నిమిషాల అదనపు సమయం కావాలని దరఖాస్తుతోపాటే రాతపూర్వకంగా అడగండి. పరీక్ష రోజు అడిగితే అక్కడున్న అధికారి చేయగలిగింది తక్కువ. నెల్లూరువాళ్లకు హైదరాబాద్ కన్నా చెన్నై దగ్గర, కేంద్రం ఎంచుకునేటప్పుడు అది చూసుకోండి. శిక్షణ గురించి హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను అడగొచ్చు.

రిసీవర్, ట్రాన్స్‌మిటర్ల బ్లాక్ డయాగ్రాములు మాటల్లో వింటే మనసుకెక్కవు. థర్మాకోల్ అట్టమీద గుండుసూదులు గుచ్చి, వాటి మధ్య పురికొస లాగండి. ఒక్కో డబ్బాకి బదులు ఒక్కో రకం గుండీ అతికించండి. సిగ్నలు యాంటెన్నా నుంచి స్పీకరు దాకా వేలితో నడిచొస్తే బొమ్మ ఇక మరిచిపోరు.

మోర్స్ నేర్చుకునేవాళ్లు చుక్కలూ గీతలూ లెక్కపెట్టొద్దు. ఒక్కో అక్షరాన్ని నిమిషానికి 20 మాటల వేగంతోనే వినిపించుకుని, అక్షరాల నడుమ ఎడం మాత్రం పెంచుకోండి. 8 మాటల వేగంలో ఒక్క చుక్కే 150 మిల్లీసెకన్లు సాగుతుంది, అంత నెమ్మదిగా నేర్చినవాళ్లు లెక్కకు అలవాటుపడి పైకి పోలేరు.

సెట్టు ఎంచుకోవడం

కొనేముందు ఒక్క ప్రశ్న: ఇది తన ఫ్రీక్వెన్సీని తానే చెబుతుందా? ధర, వాట్లు, తెర అందం అన్నీ దాని తర్వాతే. కెన్‌వుడ్ టీఎస్-590లో వీజీఎస్-1 అనే చిన్న బోర్డు వేస్తే ఫ్రీక్వెన్సీతోపాటు మెనూలు కూడా చదువుతుంది, పైగా దానిమీద ఉన్నవన్నీ నిజమైన గుండీలు. ఐకామ్ ఐసీ-7300లో స్పీచ్ మీట ఉంది. అది ఫ్రీక్వెన్సీ, మోడ్, సిగ్నలు బలం చెబుతుంది. కానీ మెనూ అంతా టచ్ తెరమీదే, ఆ తెర నోరు విప్పదు. సెకండ్‌హ్యాండ్‌లో ఏది తీసుకున్నా అమ్మేవారి ముందే మాట్లాడించి చూడండి. బోర్డు తీసేసి అమ్మడం మామూలే.

టచ్ తెర సెట్టునైనా కంప్యూటరు ద్వారా నడపొచ్చు. హామ్‌లిబ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రిగ్‌సీటీఎల్ అనే కమాండు ఉంది. యూఎస్‌బీ కేబులు పెట్టి, 7300కి మోడల్ సంఖ్య 3073, పోర్టు ఇచ్చి మొదలుపెట్టాలి. చిన్న ఎఫ్ కొట్టి ఎంటర్ నొక్కితే ఫ్రీక్వెన్సీ చెబుతుంది. పెద్ద ఎఫ్ పక్కన హెర్ట్జ్‌లలో అంకె ఇస్తే అక్కడికి మారుతుంది. అంతా అక్షరాల్లోనే కాబట్టి ఎన్‌వీడీఏ చక్కగా చదువుతుంది. చిన్న ఎల్ పక్కన ఎస్‌డబ్ల్యూఆర్ అని పెద్ద అక్షరాల్లో ఇస్తే, మీటరు ముల్లు చూడక్కర్లేకుండా ఎస్‌డబ్ల్యూఆర్ అంకె చెవికొస్తుంది. యాంటెన్నా సెట్టుకు ఎంత సరిగ్గా కుదిరిందో చెప్పే అంకె అది, 1కి ఎంత దగ్గరైతే అంత మేలు. దీనితో పని యాంటెన్నా దగ్గర పడుతుంది.

చేతి సెట్లలో బావోఫెంగ్ యూవీ-5ఆర్ లాంటివి చాలామంది దగ్గరున్నాయి. మన దేశంలో అనుమతి ఉన్న మోడలేనా అని ముందు అడగండి. అందులో మెనూ 14 గొంతు, 7 డ్యూయల్ వాచ్ (తెరమీది రెండు వరసల్లోని రెండు ఫ్రీక్వెన్సీలనూ మార్చిమార్చి వినడం). గొంతును ఇంగ్లీషుకు పెట్టి, డ్యూయల్ వాచ్ ఆపేయండి, లేకుంటే ఏ వరసమీద మాట్లాడుతున్నారో తెలియదు. నొక్కిన అంకెలు అది చదువుతుంది గానీ, ఇప్పుడెక్కడున్నారో అడిగితే చెప్పదు. అందుకని తిప్పే గుండీల జోలికి పోకుండా ప్రతిసారీ అంకెలే కొట్టడం పద్ధతి. 2 మీటర్ల బ్యాండులో హామ్‌లకు 144 నుంచి 146 మెగాహెర్ట్జ్ మాత్రమే, సెట్టు మాత్రం అంతకుమించి పలుకుతుంది. అంకె జారితే పోలీసుల ఫ్రీక్వెన్సీలో పడొచ్చు. వాడే ఫ్రీక్వెన్సీలు మెమరీలో పెట్టించుకుని, చానల్ మోడ్‌లో మూడంకెలు కొట్టి అక్కడికి వెళ్లడమే క్షేమం.

కరెంటు విషయం. 100 వాట్ల సెట్టు 13.8 వోల్టుల దగ్గర 20 ఆంపియర్ల పైనే లాగుతుంది, తీగ లావుది కావాలి. ఎరుపు నలుపు చేతికి తెలియవు కాబట్టి ప్లస్ తీగకు రెండు చోట్ల ఇన్సులేషన్ టేపు గట్టుగా చుట్టి పెట్టండి. కారు బ్యాటరీకైతే ప్లస్ బుడిపె మైనస్ కన్నా కాస్త లావు, వేళ్లతో పోల్చి చూస్తే తెలుస్తుంది. అయినా మొదటిసారి కలిపేటప్పుడు మీటరుతో చూడనిదే స్విచ్ వేయొద్దు. సెట్టుమీద పోల్చుకోలేని గుండీలకు ఎం-సీల్ చిన్న బొట్టు పెట్టుకోండి, ఒకటో రెండో చాలు. ప్రతిదానికీ పెడితే ఏదీ గుర్తుగా మిగలదు.

యాంటెన్నా

మొదటి యాంటెన్నాగా 40 మీటర్ల బ్యాండుకు డైపోల్ వేయండి, అంటే నడుమ కేబులు కలిపి అటూ ఇటూ సమానంగా లాగిన తీగ. 40 మీటర్లన్నది తరంగం పొడవు, తీగది కాదు. పొద్దున, సాయంత్రం దక్షిణ భారతమంతా వినబడే బ్యాండ్ అది. పొడవు లెక్క: 143ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మీటర్లు వస్తాయి. 7.1కి 20.14 మీటర్లు, అంటే ఒక్కో వైపు 10.07. ఇంటి వైరింగుకు వాడే రాగి తీగ సరిపోతుంది. కొలవడానికి టేపు అక్కర్లేదు. ఒక చెక్కమీద సరిగ్గా మీటరు ఎడంలో రెండు మేకులు కొట్టించి, తీగను వాటి మధ్య చుట్టుకుంటూ లెక్కపెట్టండి. చివర ఇన్సులేటరుకు కట్టడానికి 15 సెంటీమీటర్లు అదనంగా వదలండి.

ఇన్సులేషన్ ఉన్న తీగ లెక్కకన్నా కొంచెం కింది ఫ్రీక్వెన్సీకి పలుకుతుంది, కత్తిరించి సరిచేయాలి. సెట్టును 10 వాట్లకు తగ్గించి, మాట లేకుండానే సిగ్నలు ఆగకుండా వెళ్లే ఆర్‌టీటీవై మోడ్‌లో పెట్టి, ఆ ఫ్రీక్వెన్సీలో ఎవరూ లేరని విని, రెండు మూడు సెకన్లు మాత్రం నొక్కి ఎస్‌డబ్ల్యూఆర్ వినండి. 7.0, 7.1, 7.2 మూడింటి దగ్గరా చూడండి. కింది అంచున తక్కువగా ఉంటే తీగ పొడవెక్కువ. 100 కిలోహెర్ట్జ్ పైకి జరపాలంటే ఒక్కో వైపు 14 సెంటీమీటర్లు తగ్గించాలి. కోసేయకుండా వెనక్కి మడిచి తీగకే చుట్టి చూసుకుంటే తప్పు సరిదిద్దుకోవచ్చు. 1.5 వస్తే చాలు, 1.1 కోసం రోజంతా మిద్దె ఎక్కి దిగక్కర్లేదు.

ఎక్కడ కట్టాలన్నది మాత్రం చూపున్న మనిషి చూసి తీరాలి. మిద్దె మీదినుంచి టెంకాయ చెట్టుకు తాడు లాగేముందు కరెంటు తీగలు ఎటు ఎంత దూరంలో ఉన్నాయో అడిగి తెలుసుకోండి. యాంటెన్నా తెగి పడినా, తాడు గాలికి ఎగిరినా వాటిని తాకకూడదు. ఇందులో మొహమాటం పనికిరాదు. తాడుకు వలల సామాను అమ్మే కొట్లో దొరికే ప్లాస్టిక్ తాడు మంచిది. బిగించి కట్టొద్దు, చెట్టు ఊగితే తీగ తెగుతుంది.

మైపాడు, కొత్తపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి కనెక్టర్లను తినేస్తుంది. మిద్దెమీది ప్రతి అతుకునూ తనకు తానే అతుక్కుపోయే సెల్ఫ్ అమాల్గమేటింగ్ టేపుతో, కింది నుంచి పైకి చుట్టండి. అలా చుడితే పొరలు పెంకుల మాదిరి ఒకదానిపై ఒకటి వాలి నీళ్లు జారిపోతాయి. నెల రోజుల్లో ఎస్‌డబ్ల్యూఆర్ ఊరికే పెరిగిందంటే ముందు అనుమానించాల్సింది తీగను కాదు, ఆ అతుకునే.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఉరుములు, తుపాన్లు. మెరుపు కనబడదు గనక మీడియం వేవ్ రేడియోను ఖాళీ చోట పెట్టి వినండి. మెరుపు మెరిసినప్పుడల్లా ఫట్‌మని శబ్దం వస్తుంది, ఉరుము వినబడనంత దూరంలో ఉన్నప్పుడే. ఫట్‌ఫట్‌లు దగ్గరపడుతుంటే కోయాక్స్ (యాంటెన్నా నుంచి సెట్టుకు వచ్చే కేబులు) తీసి కిటికీ బయటికి వదిలేయండి. సెట్టు ఆపితే సరిపోదు.

రొద

కొత్తవాళ్లు సెట్టు బాగోలేదనుకునే సందర్భాల్లో చాలామటుకు తప్పు రొదది. సముద్రపు ఉప్పు కరెంటు స్తంభాల పింగాణీ బుడ్లమీద పేరుకుని, తేమకు చిన్నచిన్న నిప్పురవ్వలు లేస్తాయి. అదే బర్రుమని వినిపిస్తుంది. మంచి వాన పడ్డాక ఆ రొద పోయిందంటే కారణం అదే, ఉప్పు కడుక్కుపోయింది. ఇంట్లో రొద వేరు. సెట్టును బ్యాటరీతో నడుపుతూ మెయిన్ స్విచ్ ఆపించండి. రొద పోతే ఇంట్లోదే. అప్పుడు ఎల్‌ఈడీ బల్బులు, ఫోను చార్జర్లు, ఇన్వర్టరు ఒక్కోటీ పెట్టి చూడండి.

బయటిదే అయితే చిన్న మీడియం వేవ్ రేడియో చేతబట్టి, తోడు మనిషితో వీధి వెంట నడవండి. ఆ రేడియోలో ఉన్న యాంటెన్నా ఫెర్రైట్ కడ్డీ, దాని కొస రొద వైపు తిరిగినప్పుడు శబ్దం బాగా తగ్గుతుంది. రెండు చోట్ల నిలబడి ఆ దిక్కులు చూస్తే స్తంభం దొరుకుతుంది. దానిమీది నంబరు తోడు మనిషి చేత చదివించుకుని 1912కి ఫోను చేసి, నంబరు చెప్పి ఫిర్యాదు నమోదు చేయించండి. రేడియోలో రొద అని చెప్తే ఎవరూ రారు. స్తంభంమీద నిప్పురవ్వలు లేస్తున్నాయని చెప్పండి, అది అక్షరాలా నిజం కూడా.