మూతి నుంచి మందు కూరే రైఫిల్‌తో గురి పోటీకి సిద్ధమవడం ఎలా?

అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని ఫ్రెండ్‌షిప్ అనే చిన్న ఊరు ఈ క్రీడకు పుట్టిల్లు లాంటిది. 1933లో ఏర్పడిన నేషనల్ మజిల్ లోడింగ్ రైఫిల్ అసోసియేషన్ జాతీయ పోటీలు అక్కడ జరుగుతాయి. అంతర్జాతీయ పోటీల్లో సాధారణంగా అరగంటలో 13 సార్లు కాల్చవచ్చు, వాటిలో మెరుగైన 10 లెక్కకొస్తాయి. కాబట్టి తొందర అక్కర్లేదు. ప్రతిసారీ ఒకే తీరుగా నింపడమే కష్టం.

ముందు సామాను. కొత్తవాళ్లకు చెకుముకి రాయి రైఫిల్ కంటే క్యాప్‌తో (దెబ్బ తగలగానే నిప్పు పుట్టించే చిన్న లోహపు మూతతో) పేలేది నయం. నల్లమందు (బ్లాక్ పౌడర్ అనే పాతకాలపు తుపాకిమందు) మాత్రమే వాడాలి. ఆధునిక పొగలేని మందు పోస్తే గొట్టం పగిలిపోతుంది. తయారీదారు చెప్పిన కనీస మోతాదుతో మొదలుపెట్టి, గుళ్లు దగ్గరదగ్గరగా పడే మోతాదు దొరికాక దాన్నే చిన్న గొట్టాల్లో విడివిడిగా కొలిచి పెట్టుకోవాలి. డబ్బాలోంచి నేరుగా ఎప్పుడూ పోయకూడదు. రైఫిల్ గొట్టం లోపల నిప్పురవ్వ మిగిలి ఉంటే డబ్బా మొత్తం చేతిలోనే పేలుతుంది.

నింపే ముందు గొట్టంలోని నూనె తుడవాలి. మందు పోశాక, జిడ్డు పట్టించిన నూలు గుడ్డముక్కను మూతి మీద పరిచి, దాని మీద సీసపు గుండు పెట్టి లోపలికి నెట్టాలి. 0.50 అంగుళాల రైఫిల్‌కి 0.490 గుండు, సుమారు 0.015 అంగుళాల మందం గుడ్డ ఎక్కువమంది వాడే జోడీ. గుండు మందుకు ఆనుకునే వరకూ దిగాలి, మధ్యలో ఖాళీ ఉంటే గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు. నెట్టే కర్రమీద గీత గీసుకుంటే గుండు ఎంత దిగిందో తెలుస్తుంది. నెట్టే ఒత్తిడి కూడా ఏ సారికా సారి మారకూడదు. చాలామంది మార్కులు పోగొట్టుకునేది ఇక్కడే, గురిలో కాదని నా అభిప్రాయం.

క్యాప్ పెట్టేది కాల్చే గీత దగ్గర, మూతి లక్ష్యం వైపు ఉన్నప్పుడే. ట్రిగ్గర్ నొక్కాక కూడా గురి కదపకండి. ముఖ్యంగా చెకుముకి రకంలో నిప్పు మందుకు చేరేందుకు క్షణం పడుతుంది. పేలకపోతే మూతి లక్ష్యం వైపే ఉంచి కనీసం ఒక నిమిషం ఆగండి.

కాల్చిన ప్రతిసారీ గొట్టం లోపల తడిగుడ్డతో, ఆపై పొడిగుడ్డతో తుడవాలి. గుండుతో పాటు బయటికొచ్చి ఎదుట పడిన గుడ్డముక్కలను, కాల్పులు ఆపి ముందుకు వెళ్లనిచ్చినప్పుడు ఏరి చూడండి: చిరిగితే గుండునో, గొట్టం లోపల చెక్కిన గాడులనో సరిచూసుకోవాలి, కాలితే జిడ్డు చాలలేదు.

గొట్టాన్ని ఆ రోజే వేడినీళ్లతో కడగండి. నల్లమందు మసి తేమను లాగుతుంది, రేపటికి వాయిదా వేస్తే తుప్పు పడుతుంది.